అట్ట టికెట్టు, ఓడ చీటీ: పాత ప్రయాణాల గుర్తులను సేకరించే విద్య

రైళ్లకూ ప్రయాణికుల ఓడలకూ సంబంధించిన పాత వస్తువులను వెతికి, పోల్చి, భద్రపరచడం ప్రపంచమంతటా స్థిరపడిన అభిరుచి. టికెట్లు, టైమ్‌టేబుళ్లు, లాంతర్లు, పింగాణీ కప్పులు, భోజనాల పట్టికలు, పెట్టెలకు అంటించే లేబుళ్లు, గోడ పోస్టర్లు, స్టేషన్ పేరు పలకలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. వీటిలో చాలా వాటికి ఒకటే లక్షణం: ఒక రోజు అవసరానికి తయారై, ఆ అవసరం తీరగానే పారేయదగినవిగా మారడం. అందరూ పారేశారు కాబట్టే మిగిలినవాటికి విలువ. నాణేలను ఎవరూ పారేయరు. టికెట్టును దాచుకునేవాడు మాత్రం అరుదు.

హోసూరు, తళి, డెంకణికోట, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారికి ఈ విషయం దూరపుది కాదు. ఒకప్పుడు నడిచి, ఇప్పుడు ఆనవాలు కూడా సరిగా మిగలని ఒక చిన్న రైలు చరిత్ర ఈ నేల మీదే ఉంది.

మాయమైన చిన్న రైలు

మద్రాసు రైల్వే తొలి మార్గం 1856 జులై 1న రాయపురం నుంచి ఆర్కాటు వైపు మొదలైంది. ఆ దారి జోలార్‌పేట మీదుగా నైరుతి దిక్కుకు సాగింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు ఒక శాఖ వచ్చింది. ఈ రెండు మార్గాలకూ నడుమ పడిన కృష్ణగిరి, ధర్మపురి, హోసూరు మాత్రం రైలు లేకుండానే ఉండిపోయాయి.

1876–78 నాటి పెద్ద కరువు లోపలి తాలూకాలకు ధాన్యం చేర్చడం ఎంత కష్టమో చూపించింది. ఆ తర్వాత కరువు రక్షణ పేరుతో తక్కువ ఖర్చులో కొన్ని సన్న పట్టాల మార్గాలు వేశారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. తిరుపత్తూరు–కృష్ణగిరి మార్గం 1905లో, మొరప్పూరు–ధర్మపురి మార్గం 1906లో మొదలయ్యాయి. రెండోది 1913లో హోసూరు దాకా సాగింది. ఇవి ప్రభుత్వ ఆస్తి అయినా నడిపింది కంపెనీలే. మొదట మద్రాసు రైల్వే, 1908 నుంచి సౌత్ ఇండియన్ రైల్వే ఆ పని చూశాయి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ మార్గాలను ఎత్తివేశారు. హోసూరుకు మళ్లీ రైలు రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. సేలం–బెంగళూరు మీటర్ గేజి మార్గం 1960ల చివర వచ్చి, 1990లలో బ్రాడ్ గేజిగా మారింది. కృష్ణగిరి పట్టణానికి మాత్రం పోయిన రైలు తిరిగి రాలేదు.

సేకరించేవారి దృష్టిలో ఇలాంటి మార్గం ప్రత్యేకమైనది. నడిచింది కొద్దికాలం, స్టేషన్లు తక్కువ, ఎక్కినవారు ఎక్కువగా చుట్టుపక్కల రైతులు, సంతకు పోయేవారు. టికెట్లు అచ్చయిందే తక్కువ, దాచుకున్నవారు మరీ తక్కువ. ఒక మహానగర స్టేషన్ టికెట్లు వందలుగా దొరకవచ్చు. అదే కాలపు హోసూరు సన్న పట్టాల టికెట్టు ఒక్కటి కనిపించినా, ఆ మార్గం ఛార్జీ, తరగతి, దూరం గురించి చేతిలో పట్టుకోగల సాక్ష్యం దొరికినట్లే.

అట్ట టికెట్టు పుట్టుక

రైలు సేకరణలో అందరూ మొదలుపెట్టేది అట్ట టికెట్టుతోనే. దీన్ని కనిపెట్టిన థామస్ ఎడ్మండ్‌సన్ ఇంగ్లండులో మొదట చెక్కపని చేసి, తర్వాత స్టేషన్ మాస్టరయ్యాడు. అంతకుముందు ప్రతి ప్రయాణికుడికీ గుమాస్తా చేత్తో చీటీ రాసి ఇచ్చేవాడు. దానికి సమయం పట్టేది, లెక్కల్లో మోసానికి చోటుండేది. 1830ల చివర ఎడ్మండ్‌సన్ ముందే అచ్చువేసిన గట్టి అట్ట ముక్కలు తెచ్చాడు. ఒక్కో ముక్క సుమారు రెండుంపావు అంగుళాల పొడవు, అంగుళంపావు వెడల్పు. వరసగా అంకెలు ఉంటాయి. ఇచ్చేటప్పుడు తేదీ గుద్దే చిన్న యంత్రం వేరు.

ఈ పద్ధతిలో అసలు తెలివి అంకెల్లో ఉంది. టికెట్లు ఒక్కో ఊరికి ఒక్కో అరలో వరసగా నిలబడి ఉంటాయి. బండి వెళ్లాక ఏ అంకె దాకా అమ్ముడైందో చూసి రాసుకుంటే ఎన్ని టికెట్లు పోయాయో, పెట్టెలో ఎంత డబ్బు ఉండాలో వెంటనే తేలుతుంది. తరగతికో రంగు ఉండటంతో చదవడం రానివారికి కూడా తేడా తెలిసేది. ఈ విధానం దాదాపు ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ప్రభుత్వ రైల్వేలో 1990 దాకా నడిచింది. మన దేశంలో 1980ల మధ్య రిజర్వేషన్లకు కంప్యూటర్లు, ఆ తర్వాత సాధారణ టికెట్లకు కూడా యంత్రాలు రావడంతో అట్ట టికెట్టు క్రమంగా కనుమరుగైంది. దక్షిణాదిలో వీటిని అచ్చువేసిన రైల్వే ప్రెస్సుల్లో రాయపురం, సికింద్రాబాద్ ముఖ్యమైనవి.

వాడిన అట్ట టికెట్టు అరుదు కావడానికి కారణం స్టేషన్ గేటు. ప్రయాణం ముగియగానే టికెట్ కలెక్టరు దాన్ని తీసుకునేవాడు. అలా పోగైనవి తనిఖీ తర్వాత నాశనమయ్యేవి. ప్రయాణికుడి జేబులో మిగిలిందంటే గేటు దగ్గర ఎవరూ అడగకపోయి ఉండాలి, లేదా ప్రయాణమే ఆగిపోయి ఉండాలి. అందుకే పాత ఆల్బమ్‌లలో ఎక్కువగా కనిపించేవి ప్లాట్‌ఫాం టికెట్లు, తేదీ పడని మిగులు టికెట్లు.

కాలాన్ని పట్టుకోవడం ఎలా

టికెట్టు మీద తేదీ చెరిగిపోయినా దాని కాలాన్ని చాలావరకు నిర్ణయించవచ్చు. మొదట చూడవలసింది సంస్థ పేరు. మద్రాస్ అండ్ సదరన్ మహరాటా రైల్వే 1908లో ఏర్పడింది. అది, సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు రైల్వే కలిసి 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే అయ్యాయి. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న మొదలైంది. హోసూరు స్టేషన్ ఇప్పుడు నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్‌లో ఉంది. ఆ జోన్ పని మొదలుపెట్టింది 2003లో. అంటే హోసూరు పేరున్న టికెట్టు మీద సౌత్ ఇండియన్ అని ఉంటే సన్న పట్టాల కాలం, సదరన్ అని ఉంటే మీటర్ గేజి కాలం లేదా ఆ తర్వాతి కొన్నేళ్లు, నైరుతి అని ఉంటే ఇటీవలిది.

తెలంగాణ వస్తువులకూ ఇలాంటి గుర్తులే ఉన్నాయి. వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో తెరుచుకుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1883లో ఏర్పడింది. 1889కి దాని పట్టాలు బెజవాడకు చేరాయి. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను సొంతం చేసుకోవడంతో పేరులోని గ్యారంటీడ్ అనే మాట పోయింది. లాంతరు మీదో గంట మీదో నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయా, మూడేనా అని చూస్తే అది 1930కి ముందుదో తర్వాతదో చాలావరకు తెలిసిపోతుంది.

రెండో గుర్తు డబ్బు. అణాలు, పైసల లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. ఆ నెలలోనే కొత్త పైసలు వచ్చాయి. మూడో గుర్తు తరగతి. మూడో తరగతి 1974లో రద్దయింది కాబట్టి ఆ మాట ఉన్న టికెట్టు అంతకు పాతదే. దూరం మైళ్లలో ఉందా, కిలోమీటర్లలో ఉందా అన్నది నాలుగోది. స్వాతంత్ర్యం తర్వాతి టికెట్లలో హిందీ, స్థానిక భాష కూడా చోటు చేసుకున్నాయి. ఈ అయిదూ కలిపి చూస్తే తేదీ లేని టికెట్టు కూడా పదేళ్ల అటూ ఇటూగా తన కాలం చెప్పేస్తుంది.

లాంతర్లు, గంటలు, ఇనుప బంతులు

కాగితం తర్వాత సేకరించేవారు ఎక్కువగా కోరేది స్టేషన్ సామాను. గార్డు చేతి లాంతరులో ఎర్ర, పచ్చ అద్దాలు తిరుగుతాయి. రాత్రివేళ ఆ ఒక్క దీపంతోనే బండిని ఆపమనో కదలమనో చెప్పేవారు. చాలా స్టేషన్లలో గంట అంటే వేలాడదీసిన పట్టా ముక్కే. ఇంకా స్టేషన్ గోడ గడియారాలు, కంపెనీ అక్షరాలు పోతపోసిన ఇత్తడి తాళాలు, యూనిఫాం బొత్తాలు, భోజనశాలల పింగాణీ ఉంటాయి.

వీటన్నిటిలో పని తీరు వల్ల ఆసక్తి రేపేది నీల్ బంతి టోకెన్. ఒకే పట్టా ఉన్న మార్గంలో ఎదురెదురుగా రెండు బండ్లు రాకూడదు. అందుకు పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలుండేవి. వాటిని తీగ కలిపేది. రెండు వైపులా స్టేషన్ మాస్టర్లు ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికొస్తుంది. అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు. ఆ బంతిని పెద్ద వలయానికి కట్టిన సంచిలో పెట్టి కదిలే బండి డ్రైవరుకు అందించేవారు. అతను చేతిని వలయంలోకి దూర్చి అందుకునేవాడు. బంతి చేతిలో ఉంటేనే ముందుకు పోయే హక్కు. సెక్షన్ నుంచి ఒక్క బంతి తప్పిపోయినా బండ్ల రాకపోకలు చిక్కులో పడేవి. దాని వెనక ఇంత బాధ్యత ఉందని తెలిసినవారికి సంతలో ఎవరైనా బంతి అమ్మజూపితే ముందు వచ్చే ప్రశ్న ధర గురించి కాదు, అది ఎక్కడిదన్నదే.

ఓడ కాగితాలు

ప్రయాణికుల ఓడల వస్తువులలో ప్రపంచ మార్కెట్టును నడిపేవి అట్లాంటిక్ ఓడలు. టైటానిక్ వాద్యబృంద నాయకుడు వాలెస్ హార్ట్‌లీ వయొలిన్ 2013లో ఇంగ్లండు వేలంలో 9 లక్షల పౌండ్లకు పోయింది. ఫ్రెంచి ఓడ నార్మండీ కోసం కసాండ్ర 1935లో గీసిన పోస్టరు, ఓడ ముక్కును కింద నుంచి పైకి ఆకాశమంత ఎత్తున చూపుతుంది. పోస్టర్ల సేకరణలో దానిది అగ్రస్థానాల్లో ఒకటి. మామూలు సేకరణలో మాత్రం భోజన పట్టికలు, గదుల పటాలు, ప్రయాణికుల పేర్ల పుస్తకాలు, పెట్టె లేబుళ్లే ఎక్కువ. పెట్టె ప్రయాణంలో కావాలా, గమ్యం చేరేదాకా అడుగు అరలో ఉంచవచ్చా అన్నది లేబులే చెప్పేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఇండియాకు వచ్చే ఓడల్లో ఇలాంటి లేబుళ్లు సర్వసాధారణమయ్యాయి.

తెలుగువారి సముద్ర ప్రయాణం చాలావరకు మరోలా సాగింది. విశాఖ, భీమిలి, కాకినాడ, మద్రాసు రేవుల నుంచి రంగూనుకు కూలీలు, చిన్న వ్యాపారులు వేలమంది వెళ్లేవారు. వారిని మోసిన ఓడల్లో ఎక్కువ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. 1856లో కలకత్తా–బర్మా రాకపోకల కోసం పుట్టిన సంస్థ 1862లో ఆ పేరు తీసుకుంది. దాని రాజులా అనే ఓడ 1926లో తయారై, మద్రాసు నుంచి నాగపట్నం, పెనాంగు మీదుగా సింగపూరుకు 1973 దాకా తిరిగింది. తొలి రోజుల్లో ఐదు వేలకు పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి దానికి ఉండేది. ఆ తర్వాత అదే దారిలో షిప్పింగ్ కార్పొరేషన్ ఓడ చిదంబరం నడిచింది. 1985 ఫిబ్రవరిలో అగ్ని ప్రమాదంతో దాని ప్రయాణికుల సేవ ముగిసింది.

డెక్ ప్రయాణికుడికి గది లేదు. అచ్చువేసిన భోజన పట్టిక లేదు. జ్ఞాపకంగా ఇచ్చే పేర్ల పుస్తకంలో అతని పేరూ ఉండదు. పై తరగతి వారి కాగితాలు దళసరి అట్ట మీద, బంగారు అంచుతో అచ్చయ్యాయి, పెట్టెల్లో భద్రంగా ఇళ్లకు చేరాయి. డెక్ చీటీ పలచని కాగితం. అందుకే ఒకే ఓడ నుంచి పది మంది దొరల భోజన పట్టికలు దొరికే చోట వేల మంది కూలీల చీటీ ఒక్కటి దొరకడం కష్టం. మార్కెట్టు మొదటిదానికి ధర కట్టవచ్చు, తెలుగువారి చరిత్రకు మాత్రం రెండోదే ఎక్కువ అవసరం.

ఈ లోటును కొంత పూడ్చేవి ప్రభుత్వాలు దాచిన కాగితాలు. ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాకు ఒప్పంద కూలీల రాక దానితోనే మొదలైంది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60 వేల మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా ఇందులో చేరింది. ప్రతి మనిషికీ ఒక వలస పాసు రాసేవారు. దానిలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీది గుర్తులు ఉంటాయి. ఈ పాసులు ఫిజీ జాతీయ ప్రాచీన పత్రాలయంలో ఉన్నాయి. ముత్తాత ఊరు వెతుక్కునే మనవలకు ఇప్పటికీ అవే ఆధారం.

తపాలా బిళ్లలు: రెండు దారులూ కలిసే చోటు

డబ్బు తక్కువ ఉన్నవారికి అందుబాటులో ఉండేది తపాలా సేకరణ. ఇండియా 1937లో విడుదల చేసిన ఆరో జార్జి బిళ్లల వరసలో టపా చేరవేసే సాధనాలన్నీ ఉన్నాయి. పరిగెత్తే టపా మనిషి, ఎడ్ల బండి, టాంగా, ఒంటె, లారీ, విమానం కనిపిస్తాయి. వాటిలో నాలుగణాల బిళ్ల మీద టపా రైలు, ఆరణాల బిళ్ల మీద టపా ఓడ ఉన్నాయి. భారతీయ రైల్వేకు నూరేళ్లు నిండిన 1953లో, మళ్లీ 1976లో ఇంజన్ల బొమ్మలతో బిళ్లలు వచ్చాయి.

బిళ్ల కన్నా విలువైనది దాని మీద పడిన ముద్ర. కదిలే బండిలోనే ఉత్తరాలు వేరుచేసే రైల్వే మెయిల్ సర్వీసు ముద్రలకు సెక్షన్ పేరు ఉంటుంది. ఓడలో పోస్టు చేసిన ఉత్తరాలకు పాక్‌బో అనే ముద్ర పడుతుంది. అలాంటి కవరు ఒక ప్రయాణం ఏ దారిలో, ఏ తేదీన జరిగిందో చెప్పే పత్రం. కవరును చించి బిళ్ల ఒక్కటే తీసుకోవడం అంటే ఆ పత్రాన్ని నాశనం చేయడమే.

ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ జాగ్రత్త పడాలి

హోసూరు వైపు వారికి దగ్గరలో ఉన్నవి బెంగళూరు చిక్కపేట ప్రాంతపు ఆదివారపు సంత, పాత సామాను కొట్లు. హైదరాబాదులో అబిడ్స్ ఆదివారపు పాత పుస్తకాల వరస, జుమ్మెరాత్ బజారు తెలిసినవే. వీటికన్నా మంచి చోటు ఇంటి అటక. రైల్వేలో చేసిన తాతల ట్రంకు పెట్టెల్లో పాసులు, టైమ్‌టేబుళ్లు, నియమాల పుస్తకాలు, డ్యూటీ ఫొటోలు ఉంటాయి. వాటిని తూకానికి వేసే ముందు ఒకసారి విప్పి చూడాలి.

చట్టం సంగతి ముందే తెలిసి ఉండాలి. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, దొంగిలించిందన్న అనుమానం ఉన్న రైల్వే వస్తువు ఎవరి దగ్గరున్నా అది న్యాయంగా వచ్చిందని వారే నిరూపించుకోవాలి. లేకపోతే అయిదేళ్ల వరకు జైలు. కాబట్టి లాంతరు, టోకెన్, పేరు పలక లాంటివి కొనేటప్పుడు రైల్వే తుక్కు వేలం రసీదు, కనీసం అమ్మినవారి బిల్లు తీసుకుని దాచాలి. 1972 పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సన్న పట్టాల తొలి కాలపు వస్తువులు ఇప్పుడు ఆ వయసు దాటినవే.

నకిలీలు మరో చిక్కు. కొత్తగా పోతపోసిన ఇత్తడి దిక్సూచులు, ఓడ గంటలు, లాంతర్లు పాత కంపెనీల పేర్లతో పుష్కలంగా అమ్ముడవుతున్నాయి. మరలను చూడాలి. తలపై ప్లస్ గుర్తున్న మరలు 1930ల నడుమ గాని రాలేదు. కాబట్టి 1900 నాటిదని చెప్పే దీపానికి అవి ఉంటే కనీసం మరమ్మతైనా జరిగినట్లు. వాడిన లాంతరు పిడి దగ్గర ఎక్కువ, మూలల్లో తక్కువ అరుగుతుంది. నకిలీకి అంతటా ఒకే రకం మసి ఉంటుంది. ఎనామెల్ పలకను వెలుగులో పక్కకు వంచి చూస్తే అక్షరాలు కొద్దిగా ఉబ్బెత్తుగా, పొర మీద పొరగా కనిపించాలి. మేకు రంధ్రాల చుట్టూ ఎనామెల్ పెచ్చులూడి ఇనుము తుప్పుపట్టి ఉండటం సహజం.

భద్రపరచడం

కాగితానికి శత్రువులు నాలుగు: తేమ, ఎండ, పురుగు, జిగురు. హోసూరు చలువ నేల. వానాకాలంలో తేమ గోడల్లోకి దిగుతుంది కాబట్టి ఆల్బమ్‌ను గోడకు ఆనించి పెట్టకూడదు. సెల్లోటేపు, లామినేషన్ అసలు వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చ మరకగా మిగులుతుంది. లామినేషన్ చేసినదాన్ని తిరిగి తీయలేము. మామూలు పీవీసీ కవర్ల కన్నా పాలియెస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితం మేలు. ఇప్పటి థర్మల్ టికెట్ల మీది అక్షరాలు కొద్ది ఏళ్లలోనే మాయమవుతాయి. వాటిని వెంటనే స్కాన్ చేయడం తప్ప మార్గం లేదు.

ఇత్తడి సామానును చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్ల అలవాటు. పూజ సామానుకు అది సరిపోతుంది గానీ పాత లాంతరుకు హాని. పులుపు పైపొరను తినేస్తుంది, పలచగా చెక్కిన కంపెనీ అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం వివరాల చీటీ. వస్తువు ఎక్కడ, ఎవరి ద్వారా, ఎప్పుడు దొరికింది, ఏ మార్గానికి చెందింది అన్నది పక్కన కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టాలి. చరిత్ర తెలియని లాంతరు అలంకారమే. మొరప్పూరు మార్గంలో గార్డుగా చేసిన ఫలానా కుటుంబం నుంచి వచ్చిందని రాసి ఉన్న లాంతరు ఆ ప్రాంతపు చరిత్రకు ఆధారం.

పోల్చి చూసుకోవడానికి, చివరికి అప్పగించడానికి సంస్థలున్నాయి. జాతీయ రైలు మ్యూజియం ఢిల్లీలో 1977లో, మైసూరు రైలు మ్యూజియం 1979లో తెరిచారు. చెన్నైలో కోచ్ ఫ్యాక్టరీ పక్కన 2002లో వచ్చిన మ్యూజియం, తిరుచ్చిలో 2014లో మొదలైన రైల్వే వారసత్వ కేంద్రం దక్షిణాది వస్తువులకు దగ్గరి చోట్లు. సౌత్ ఇండియన్ రైల్వే ప్రధాన కార్యాలయం తిరుచ్చిలోనే ఉండేది కాబట్టి, హోసూరు, కృష్ణగిరి సన్న పట్టాల మార్గాలను అర్థం చేసుకోవాలనుకునేవారు ముందుగా చూడవలసినది అదే. ఒక్కరే అన్నీ సేకరించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఒక మార్గాన్నో, ఒక రేవునో, ఒక కాలాన్నో ఎంచుకుని, దొరికిన ప్రతి ముక్కకూ వివరం రాసి ఉంచితే, కొద్దిపాటి డబ్బుతో కూర్చిన చిన్న ఆల్బమ్ అయినా పరిశోధకులకు పనికివస్తుంది.